ఎండు కందెన - దాని పాకము



నేడు నేను మీతో ముచ్చటింప దలచిన విషయము వినుటకు కొంచెము కొత్తగా నుండును. ఉక్కు మీద ఎండు కందెనను పూతగా పూసి, దానిని వేడిచే పక్వము చేయు పద్ధతియు, ఆ పాకము కుదిరినచో కలుగు లాభమును, కుదరనిచో కలుగు నష్టమును నేటి ప్రసంగమునకు విషయములు. ఇది యంత్రశాలల వారి విద్య గదా, పల్లెలలో నుండు మనకేల యని మీరనుకొనవచ్చును. కాని కందెన యన్న మాట మన బండ్ల వెంట నడచిన మాట. పాకమన్న మాట మన వంటయింటను, కుమ్మరి యావమునను, తర్కశాస్త్రమునను గూడ నున్న మాట. ఈ రెండు మాటల నెఱిగిన వారికి ఈ విషయము కష్టమైనది కాదు. మఱియు మన పిల్లలును, మనుమలును నేడు యంత్రశాలలలో పని చేయుచున్నారు. వారి పనిలో ఏది గుణమో ఏది లోపమో పెద్దలు తెలిసికొని యుండుట మంచిది.

మొదట కందెన సంగతి చూతము. బండి యిరుసునకు ఆముదమును, కాల్చిన గడ్డి మసియు కలిపి కందెన పెట్టుట మీరందఱు నెఱిగినదే. ఇనుము ఇనుముతో నేరుగా రాచుకొనినచో రెండును అరుగును, వేడెక్కును, కీచుమని మొఱపెట్టును. నడుమ జాఱు పదార్థ మొకటి యున్నచో ఆ బాధ తప్పును. నూనెయు గ్రీజును నేటికిని ఈ పనికి ముఖ్యమైనవే. అయితే వానికి కొన్ని లోపములు గలవు. దుమ్ము లేచు చోట నూనె దుమ్మును పట్టుకొని, తానే ఆకురాయియై ఇనుమును అరగదీయును. మిక్కిలి వేడిలో కాలిపోవును. మిక్కిలి చలిలో గడ్డకట్టును. గాలి లేని శూన్యప్రదేశమున ఆవిరియై పోవును. ఇంతేకాక, కొన్ని యంత్రముల కీళ్లు ఒకసారి బిగించిన తరువాత మనుష్యుని చేతికి మరల అందవు. విమానముల లోపలి కీళ్లు, బోల్టుల మఱలు, తుపాకుల భాగములు, ఆకాశమునకు పంపబడు పరికరముల బందులు ఇట్టివి. ఇట్టి చోట్ల ఎండు కందెన వలసి వచ్చినది.

ఎండు కందెనలలో మనకు బాగుగా తెలిసినది గ్రాఫైటు. పెన్సిలులో నుండు నల్లని పదార్థ మదియే. దానిని పోలినదే మఱియొక ఖనిజము గలదు. దానికి మాలిబ్డినము డైసల్ఫైడు అని పేరు. చూపునకు రెండును ఒక్కతీరుననే నల్లగా, జిడ్డుగా నుండుటచే చాలకాలము పండితులు ఈ రెంటిని ఒకటిగానే యెంచిరి. 1778వ సంవత్సరమున స్వీడను దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు కార్ల్ విల్‌హెల్మ్ షీలే ఇవి వేఱు వేఱు వస్తువులని నిరూపించెను. 1923లో డికిన్సను, లైనస్ పౌలింగు అను ఇరువురు అమెరికాలో దీని లోపలి నిర్మాణమును కనుగొనిరి. ఒక వరుస మాలిబ్డినము పరమాణువులు, వానికి పైనను క్రిందను ఒక్కొక్క వరుస గంధకపు పరమాణువులు. ఇట్లు మూడు వరుసలు కలిసి ఒక రేకగును. రేకు లోపలి బంధము గట్టిది. రేకునకును రేకునకును నడుమ నున్న బంధము బలహీనమైనది. కట్టు త్రాడు విప్పిన తాళపత్ర గ్రంథమును ప్రక్కకు నెట్టినచో ఆకు మీద ఆకు ఎట్లు జాఱునో, ఈ రేకులును అట్లే జాఱును.

ఈ జాఱుడు వలన కలుగు లాభ మెంత? పూత లేని పొడి ఉక్కు మీద 100 కిలోల బరువుగల ఉక్కుదిమ్మను నెట్టుటకు సుమారు 60 కిలోల బలము కావలసి యుండును. నడుమ ఈ పదార్థపు పూత మంచిది యున్నచో, బరువుగా అదుముకొని యున్న తావులలో అది పదింట ఒక వంతునకు, ఒక్కొకప్పుడు ఇరువదింట ఒక వంతునకు దిగును. మఱియొక విశేషము. గ్రాఫైటు చక్కగా జాఱుటకు గాలిలోని తేమ తోడ్పాటు కావలెను. తేమ లేని చోట అది త్వరగా అరుగును. మాలిబ్డినము డైసల్ఫైడునకు తేమ అక్కఱలేదు సరికదా, శూన్యమున దాని గుణము మఱింత బాగుగా నుండును. ఆకాశయానములకు దీనిని కోరుటకు ఇదియే కారణము.

అయితే పొడిని ఉక్కు మీద చల్లి రుద్దిన మాత్రమున అది నిలువదు. కొంతసేపు జాఱి, తరువాత ప్రక్కలకు తొలగిపోవును. దానిని ఉక్కునకు పట్టియుంచు జిగురు ఒకటి కావలెను. దీనిని బంధకమందము. అమెరికా ప్రభుత్వమువారి విమానశాస్త్ర సలహాసంఘము క్లీవ్‌లాండు నగరమున నడపిన ప్రయోగశాలలో జాన్సను, గాడ్‌ఫ్రే, బిస్సను అను పరిశోధకులు ఉక్కుపై ఎండు పొరల రాపిడిని పరీక్షించి 1948లో ఫలితములను ప్రకటించిరి. 1952లో గాడ్‌ఫ్రే, బిస్సను ఇరువురును ఈ పొడి లోహములకు ఏ విధముగా అంటుకొనునో వివరించిరి. వారు పరీక్షించిన బంధకములలో మొక్కజొన్న పానకము ఒకటి యనిన మీకు నవ్వు రావచ్చును. కాని బెల్లపుపాకము గిన్నె అడుగున మాడి అంటుకొనినచో దానిని గీకి తీయుట ఎంత కష్టమో మన యాడవారి నడిగిన చెప్పుదురు. తీపి పానకము వేడికి తన స్వభావము విడిచి గట్టి సర్జరసము వంటి పదార్థముగా మాఱును. ఆ మాఱుటలో పొడిని తనలో పట్టుకొని లోహమునకు కఱచుకొనును. గుణము పానకములో లేదు, పాకములో నున్నది. నేను చెప్ప దలచిన సంగతి కంతటికిని మూల మిదియే.

నేడు పానకమునకు బదులు ఫినాలిక్కు, ఎపాక్సీ, పాలియమైడ్ ఇమైడు మొదలగు రెసినులను వాడుదురు. రెసినును ఒక ద్రవములో కరగించి, అందు నల్లపొడిని కలిపి, రంగువలె జల్లుదురు. ఉక్కును ముందుగా శుభ్రపఱచి, సన్నని గరుకు పట్టునట్లు ఇసుకవంటి రేణువులతో కొట్టి, ఫాస్ఫేటు అను లవణపు పొరను దానిపై పుట్టింతురు. ఈ గరుకు పొర పూతకు పట్టుకొమ్మ. పూత మందము ఎంత యనుకొందురు? అమెరికావారి విమానపు పనుల ప్రమాణము ననుసరించి, మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అందు 5 మొదలు 13 భాగములు మాత్రమే. అది మన తలవెండ్రుక మందములో ఐదవ వంతునకు మించదు. ఇంత పలుచని పొర మీద ఒక యంత్రము ప్రాణము నిలిచియుండును.

ఇక పాకము సంగతి. పూసిన పూతను ఓవెను అను వేడిపెట్టెలో పెట్టి, నిర్ణీతమైన వేడిలో నిర్ణీతమైన కాలముంచుటకు కర్మాగారములలో క్యూరింగు అని పేరు. దీనినే మనము పాకమందము. ఆఱుట వేఱు, పాకము వేఱు. ఈ భేదమును కుమ్మరి మనకు ఏనాడో చూపించినాడు. పచ్చికుండ నీడన ఆఱినచో గట్టిగానే యుండును, చేతితో పట్టుకొనవచ్చును. కాని దానిలో నీరు పోసిన క్షణమున అది మరల మన్నగును. ఆవమున కాలిన కుండలో ఏడాది పొడుగున నీరుంచినను అది కుండయే. ఆఱుట యనగా ఉన్న తడి పోవుట. పాకమనగా వస్తువు లోపల మరల వెనుకకు రాని మార్పు కలుగుట. తర్కశాస్త్రమున పృథివికి గల రూపరసగంధస్పర్శలను పాకజములని చెప్పిరి. అగ్నిసంయోగమున మార్పు పొందునది కుండ మొత్తమా, లేక పరమాణువులా యని నైయాయికులును వైశేషికులును పిఠరపాకము, పీలుపాకము అను పేర్లతో వాదించిరి. ఈ పూత విషయమున నేటి రసాయనశాస్త్రము చెప్పు సమాధాన మిది: వేడిచే రెసిను అణువులు ఒకదానితో నొకటి ముడిపడి, విడివిడి పోగులుగా నున్నవి ఒక వలగా అల్లుకొనును. ఆ వలలో నల్లపొడి చిక్కుకొని యుండును. వల పూర్తిగా అల్లుకొనినచో అది పక్వము; సగము ముడులు పడి ఆగినచో అది అపక్వము.

అపక్వమైన పూత చేయు కీడు మూడు విధములు. మొదటిది, అది మెత్తగా నుండును. దానిపై బరువు పడి రాచుకొనిన వెంటనే పొరపొరగా ఒత్తుకొనిపోవును. రెండవది, కరగించిన ద్రవము కొంత లోపలనే చిక్కియుండును. యంత్రము నడచి వేడెక్కినప్పుడు అది ఆవిరియై పొరను బుడగలుగా లేపును. మూడవది, వలలో రంధ్రములు పెద్దవగుటచే తేమయు, ఇతరమైన నూనెలును లోనికి దూఱును. తేమ ఉక్కును చేరినచో తుప్పు పుట్టును. తుప్పు పుట్టిన చోట పూత క్రింద నేల కదలిపోవును. పునాది కుళ్లిన గోడకు సున్నము కొట్టిన నేమి ఫలము?

అట్లని పాకము మితిమీఱినను కీడే. వల అతిగా బిగిసిన పూత పెళుసుబాఱును. ఉక్కు వేడికి వ్యాకోచించునదానికంటె రెసిను పలు రెట్లు ఎక్కువగా వ్యాకోచించును. కావున వేడినుండి దించి చల్లార్చినప్పుడు పూత ముడుచుకొన జూచును, ఉక్కు ముడుచుకొననీయదు. ఆ లాగుడు పూతలో నిలిచిపోవును. వేడి ఎంత ఎక్కువైన ఆ లాగుడు అంత ఎక్కువ. పెళుసైన పూత ఆ లాగుడునకు నెఱ్ఱెలు విచ్చి, పెచ్చులుగా ఊడిపోవును. ఇంకను వేడి పెరిగినచో రెసిను మాడిపోవును. 350 డిగ్రీల సెంటిగ్రేడు దాటి, 400 డిగ్రీలకు చేరువగునప్పుడు గాలిలోని ఆమ్లజనితో కూడి నల్లపొడియే చెడును. జాఱు గుణమును కోల్పోయి మఱియొక వస్తువగును. కాని సాధారణముగా పూతను చెఱచునది ఆ చివరి వేడి కాదు. అంతకు ఎంతో ముందే బంధకము పాడగును.

వేడి యెక్కించు వేగము కూడ ముఖ్యమే. ఫినాలిక్కు రెసిను ముడిపడునప్పుడు నీటియావిరి పుట్టును. బేకలైటు అను వస్తువును 1907లో కనిపెట్టిన లియో బేక్‌లాండునకు ఈ ఆవిరియే పెద్ద చిక్కు. ముద్ద నురుగై పొంగకుండుటకు ఆయన వేడితోపాటు ఒత్తిడిని గూడ ప్రయోగించెను. పలుచని పూతకు ఒత్తిడి యక్కఱలేదు. కాని నిదానము కావలెను. జల్లిన వెంటనే మండు వేడిలో పెట్టినచో పైపొర ముందు గట్టిపడి, లోపలి ఆవిరి వెలికి పోలేక సూదిపోట్లవంటి రంధ్రములను చేయును. అందుచే మొదట బయట కొంతసేపు ఆఱనిచ్చి, తరువాత మెల్లగా వేడి నెక్కింతురు.

వేడి తక్కువైనచో కాలము పెంచిన సరిపోదా యని మీరడుగవచ్చును. కొంతమేరకు సరిపోవును. వేడి కొంచెము తగ్గినను ముడులు పడు వేగము చాల తగ్గునుగనుక కాలము చాల పెంచవలసి వచ్చును. కాని దానికొక హద్దు గలదు. తక్కువ వేడిలో వల కొంతవఱకు అల్లుకొనగానే పూత బిగిసిపోవును. మిగిలిన పోగులు కదలి ఒకదానినొకటి చేరుకొనలేవు. ఇక ఎంతకాలముంచినను పాకము ముందునకు సాగదు. చన్నీటిలో బియ్యము మూడు దినములుంచినను నానునే కాని అన్నము కాదు గదా!

ఇందుకు తార్కాణముగా ఒక ప్రమాణమును చెప్పెదను. అమెరికా దేశమున విమానముల పనులకై ఏర్పఱచిన ఏ.ఎస్. 5272 అను ప్రమాణములో వేడిచే పక్వమగు ఎండు పూతలు రెండు తరగతులు. మొదటి తరగతిని 150 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 2 గంటలు, రెండవదానిని 204 డిగ్రీలలో 1 గంట యుంచవలెను. పూత మన్నికను పరీక్షించుటకు ఒక యంత్రము గలదు. పావు అంగుళము లావుగల ఉక్కుకడ్డీకి పూత పూసి, గాడి చెక్కిన రెండు ఉక్కుదిమ్మల నడుమ 1000 పౌనుల బరువుతో నొక్కి, నిమిషమునకు 290 చుట్లు త్రిప్పుదురు. పూత తెగి రాపిడి ఒక్కసారిగా పెరుగువఱకు ఎన్ని నిమిషములు గడచునో అది దాని ఆయువు. మొదటి తరగతి పూతకు సగటున 250 నిమిషములు, రెండవ తరగతికి 450 నిమిషములు ఉండవలెనని నియమము. అనగా మొదటిది 72,500 చుట్లును, రెండవది 1,30,500 చుట్లును ఓర్వవలెను. ఈ భేదమంతయు వేడివలననే వచ్చినదని చెప్పరాదు. రెండింటి బంధకముల జాతియు వేఱు కావచ్చును. కాని ఎక్కువ వేడిలో పండిన పూతనుండి ఎక్కువ ఆయువును ఆశింతురనుట మాత్రము స్పష్టము.

అట్లయిన అన్నిటిని 204 డిగ్రీలలోనే ఏల కాల్చరాదు? ఇచ్చటనే వివేకము కావలసినది. పూతకు క్రింద నున్న లోహమునకు గూడ తన పాకము తనకు గలదు. కమ్మరి ఉక్కును ఎఱ్ఱగా కాచి, ముంచి, గట్టిపఱచి, తరువాత మితమైన వేడిలో మరల కాచి పదును నిలుపును. బేరింగులకు వాడు కొన్ని ఉక్కులకు ఆ రెండవ కాపు 150 మొదలు 200 డిగ్రీల లోపలనే జరిగియుండును. అట్టి ఉక్కును పూతకొఱకు 204 డిగ్రీలలో గంటసేపు ఉంచినచో దాని గట్టిదనము కొంత తగ్గును. పూత బాగుపడి, క్రింది ఉక్కు మెత్తబడిన లాభమేమి? అల్యూమినియము మిశ్రలోహములు ఇంకను సుకుమారములు. అట్టివానికి 150 డిగ్రీల పూత మేలు. ఫాస్ఫేటు పొరకును ఇట్టి మర్యాదయే గలదు. జింకు ఫాస్ఫేటు స్ఫటికములలో నీటి యణువులు కూడియుండును. వేడి ఎక్కువైన ఆ నీరు తొలగి పట్టు సడలును. మాంగనీసు ఫాస్ఫేటు ఇంతకంటె ఎక్కువ వేడికి ఓర్చును. ఓవెనులో పట్టని పెద్ద సామగ్రికిని, పొలములో నిలిచిన యంత్రము నక్కడనే బాగుచేయుటకును గాలిలో ఆఱు పూతలు వేఱుగా గలవు. అవి సులభములు, కాని సాధారణముగా వాని ఆయువు తక్కువ. ఏ పని కేది తగునో ముందు నిర్ణయించుకొని, నిర్ణయించినదానిని తు.చ. తప్పక నడపుట పని వాని ధర్మము.

ఇక అసలైన చిక్కు చెప్పెదను. కుండ పండినదని ఎఱ్ఱదనమును చూచి చెప్పవచ్చును, మ్రోగించి చెప్పవచ్చును. పాకము ముదిరినదని తీగ చూచి చెప్పవచ్చును. ఈ పూత మాత్రము పెట్టక మునుపు నలుపే, అపక్వమైనను నలుపే, పక్వమైనను నలుపే. కన్ను దీనికి సాక్షి కాజాలదు. కావున దీని పాకమును వేడి, కాలము అను రెండు కొలతలచేతనే ఎఱుగవలెను. ఆ వేడి యైనను ఎవరి వేడి? ఓవెను గాలి వేడి కాదు. లోపల నున్న ఉక్కు వేడి. ఓవెను గోడనున్న ముల్లు 150 చూపినంత మాత్రమున లోపలి పెద్ద ఉక్కుదిమ్మ 150కి చేరినదని కాదు. పలుచని రేకు త్వరగా వేడెక్కును. లావైన దిమ్మ చాలసేపటికి గాని వేడెక్కదు. వస్తువును తాకునట్లు థర్మోకపుల్ అను రెండు లోహముల తీగల ఉష్ణమాపకము నమర్చి, వస్తువే 150 డిగ్రీలకు వచ్చిన తరువాత కాలమును లెక్కపెట్టవలెను. తలుపు మూసిన క్షణమునుండి గడియారము చూచువాని లెక్క తప్పుడు లెక్క.

పక్వమును పరీక్షించుటకు సులభమైన ఉపాయ మొకటి గలదు. పచ్చికుండను నీరు కరగించినట్లు, అపక్వమైన పూతను మిథైల్ ఇథైల్ కీటోను అను ద్రవము మెత్తబఱచును. ఆ ద్రవములో తడిపిన గుడ్డతో నిర్ణీతమైన సార్లు రుద్ది చూతురు. గుడ్డకు నలుపు ఒకింత అంటుట వేఱు. పూత మెత్తబడి ఊడివచ్చుట వేఱు. ఊడివచ్చినచో పాకము చాలలేదు. జిగురుపట్టీ నంటించి లాగి చూచు పరీక్షయు గలదు. కాని అమ్ముడుపోవలసిన వస్తువును రుద్ది పాడుచేయరు గదా! అందుచే వస్తువులతోపాటు ఒక రేకునకు పూత పూసి ఓవెనులో నుంచి, దానిని పరీక్షింతురు. మనము దానిని సాక్షిరేకు అందము.

స్థాలీపులాక న్యాయమున ఒక మెతుకు పట్టి చూచి కుండెడు అన్నము ఉడికినదని చెప్పుదుము. ఆ న్యాయము ఎప్పుడు చెల్లును? మెతుకులన్నియు ఒకే నీటిలో, ఒకే మంటపై నున్నప్పుడే. ఓవెనులో పలుచని సాక్షిరేకు ఒక మూలను, లావైన దిమ్మ మఱియొక మూలను ఉన్నచో రేకు పండును, దిమ్మ పండదు. గ్రామపంచాయతిలో తగవు తీర్చునప్పుడు, ఆ వేళ ఆ చోట లేని వాని సాక్ష్యమును మీరు నమ్ముదురా? సాక్షిరేకు కూడ దిమ్మ ప్రక్కనే యుండవలెను; దిమ్మ యెంత మందమో అంత మందపు ముక్కయే సాక్షిగా నున్న ఇంకను మేలు.

ఇన్ని జాగ్రత్త లెందుకు? ఈ పూత ఒకసారి యిచ్చిన మూలధనము వంటిది. దానికి వడ్డీ లేదు. మరల నింపుట లేదు. బండి ఇరుసునకు వారమునకొకసారి కందెన పెట్టుకొందుము. ఈ పూత అరిగిన చోట మరల పెట్టువారుండరు. 1989వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికావారు గెలీలియో అను నౌకను గురుగ్రహము దిక్కునకు పంపిరి. 1991 ఏప్రిల్ 11వ తేదీన దాని పెద్ద యాంటెనాను గొడుగువలె విప్పబోగా కొన్ని కమ్ములు కదలక నిలిచిపోయినవి. ఆ కమ్ములకున్న చీలలపై ఎండు కందెన పూత, నేలమీద బిగింపులలోను, లారీ ప్రయాణములలోను ముందే అరిగిపోయి, శూన్యమున లోహము లోహమును పట్టుకొన్నదని పరిశోధకులు తేల్చిరి. ఆ చీలలు ఉక్కువి కావు, టైటానియమువి. అది పాకదోషమనియు నేను చెప్పుట లేదు. పూత అన్నది పోయిన తరువాత తిరిగిరాని ధనమని చెప్పుటకే ఈ సంగతి నెత్తితిని. సెకనుకు 134 కిలోబిట్లు పంపవలసిన నౌక, చిన్న యాంటెనాతో సెకనుకు 160 బిట్లకు మించి పంపలేకపోయినది. శాస్త్రజ్ఞుల చాతుర్యమున పని చాలవఱకు నెఱవేఱినది గాని, ఆ పొర విలువ యెంతటిదో అందఱకును తెలిసివచ్చినది.

బాగుగా పండిన పూత యనగా నెమ్మదిగా ఖర్చగు ధనము. పండని పూత యనగా చిల్లుపడిన సంచి. రెండు సంచులును పైకి ఒక్కతీరుననే కనబడును. రాత్రివేళ ఓవెను వద్ద నున్న పనివాడు రెండు గంటలకు బదులు గంటన్నరకే తలుపు తెఱచినచో చూచువారెవరును లేరు. కరెంటు ఖర్చు కొంత మిగులును; పని త్వరగా తెమలును; పెట్టెలో పెట్టిన వస్తువు నిగనిగలాడుచునే యుండును. ఆ అరగంట లోపము ఎప్పుడు బయటపడును? నెలలకో ఏడాదులకో, ఎక్కడనో ఒక కీలు బిగిసినప్పుడు. అప్పుడు నష్టపడువాడు ఈ పనివాని నెఱుగడు. ఈ పనివాడు వాని నెఱుగడు. తలుపు పగులగొట్టి చేయు దొంగతనమునకు సాక్షులుందురు. కాలమును దొంగిలించు దొంగతనమునకు చేసినవాని మనస్సు తప్ప మఱి సాక్షి లేడు. తొందర పెట్టు యజమానికిని ఈ పాపములో పాలు గలదని నా యభిప్రాయము. రెండు గంటల పనికి గంటన్నర కూలియు, గంటన్నర గడువును ఇచ్చువాడు అపక్వమైన పూతను తానే కోరుకొనుచున్నాడు.

కావున మీ యిండ్ల కుఱ్ఱవాండ్రు ఇట్టి పనులలో నున్నచో, సెలవులకు వచ్చినప్పుడు జీతమెంత యని మాత్రమే యడుగక ఈ నాలుగు ప్రశ్నలు వేసి చూడుడు. వస్తువు వేడిని కొలుచుచున్నారా, ఓవెను వేడినా? కాలము ఎప్పటినుండి లెక్కించుచున్నారు? సాక్షిరేకు ఎక్కడ పెట్టుచున్నారు? వేడియు కాలమును ఏనాటివి ఆనాడు పుస్తకములో వ్రాయుచున్నారా? తాత ఈ ప్రశ్నలు వేసెనని తెలిసిన మనుమడు తన పనిని మఱింత గౌరవముతో చూచుకొనును. యంత్రము మాట్లాడదు. కాని దాని కీలు కీలునను ఎవరో ఒకని ఓర్పు గాని, ఎవరో ఒకని తొందర గాని దాగియుండును. కంటికి కనబడని చోట పాకము చెడనీయకుండుటయే పనితనము.